సీలు వేసిన పొయ్యి

అన్నం మోరీలో పోశారు. ఆ మాట ముందు చెప్పనివ్వండి, లేకపోతే మిగతా కథ నా గొంతు దాటి రాదు.

రాత్రి పాళీ దిగి, నెత్తి నిండా నూలు ధూళితో, చెవుల్లో ఇంకా సాంచాల మోతతో మేం గల్లీలోకి వచ్చాం. సారక్క మెస్సు ముందు సర్కారు బండి ఆగి ఉంది. ఇద్దరు మనుషులు అన్నం గుండిగను చెరో పక్కన పట్టుకుని మోసుకొచ్చి మోరీలోకి వంచేశారు. అప్పుడే వార్చిన అన్నం, పొగలు కక్కుతోంది. నల్ల నీళ్ళ మీద తెల్లగా తేలిపోయింది. పొద్దంతా, రాత్రంతా సూరత్‌లోని ఈ ఉధ్నా పేటలో బట్ట నేసే మగవాళ్ళం, చేతులు వేలాడేసుకుని చూస్తూ నిలబడ్డాం.

"జర ఆగుండ్రి సార్! పోరగాళ్ళు ఆకలితోటి ఒచ్చిండ్రు. వాళ్ళు తిన్నంక ఏమన్న జేస్కోండ్రి!" అంటూ సారక్క గుండిగ అంచు పట్టుకుని వెంటబడింది. చేతులు కాలుతున్నాయన్న సోయి లేదు ఆమెకు.

"లైసెన్స్ కహాఁ హై?" అన్నాడు ఆఫీసరు.

"గా లైసెన్సు కోసమే గద సార్, మొన్న మీ ఆఫీసుకు నేనే ఒచ్చిన!"

"వచ్చావు కాబట్టే మేం వచ్చాం" అన్నాడతను హిందీలోనే. అందులో వెటకారం కూడా లేదు. ఉన్నమాట అన్నట్టు అన్నాడు.

నా పేరు పరమేశ్. సాంచా నడుపుతాను, కార్మిక సంఘం పని చేస్తాను. ఇది వింటున్న మీలో కాలేజీ పిల్లలున్నారు గనక చెప్తున్నాను, సాంచా అంటే మరమగ్గం. జగిత్యాల పక్కనుంచి బతకడానికి సూరత్ వచ్చినవాడు ముందు సాంచా పని అడుగుతాడు, తర్వాత సారక్క మెస్సు ఎక్కడని అడుగుతాడు. ఆమె పెనిమిటి లస్మయ్య మా అందరికంటే ముందు వచ్చినవాడు. సాంచాల ధూళి అతని ఊపిరితిత్తుల్ని తినేసింది. నాలుగడుగులు వేస్తే దమ్ము. అతను మంచం పట్టిన ఏడు సారక్క ముందు గదిలో పొయ్యి పెట్టింది. వెనక గదిలో కాపురం. జొన్నరొట్టె, పచ్చిపులుసు, శనివారం నాడు పప్పుచారు. ఒడియా తమ్ముళ్ళు కూడా మా పచ్చిపులుసుకు అలవాటుపడి, వాళ్ళ పఖాళం చద్దన్నం మరిచిపోయారని మేం ఎగతాళి చేసేవాళ్ళం.

మా కార్ఖానా శేఠ్ రమణిక్‌భాయ్. మా గల్లీలో గదులు కూడా ఆయనవే. మొన్నటేడు ఆయన బామ్మర్ది కార్ఖానాలో క్యాంటీన్ తెరిచాడు. గోడకు లైసెన్సు, దానికో అద్దం, అద్దానికో పూలదండ. పప్పులో మాత్రం పప్పు లేదు. ఎవరూ పోలేదు. అప్పుడు మొదలైంది ప్రచారం: బయటి మెస్సులు దొంగ మెస్సులు, లైసెన్సు లేనివి, తింటే రోగాలు.

ఆ మాట సారక్కకు గుచ్చుకుంది. "నేనేమన్న దొంగతనం జేస్తున్ననా పరమేశూ? లైసెన్సు గావాల్నంటే తీస్కుంట. నాకేం భయం?" అంది.

మా గల్లీలోనే పుట్టి పెరిగిన వినోద బీకాం చదువుతోంది. ఆ పిల్ల ఫోనులో అన్నీ చూసింది. "అక్కా, నీ మెస్సు చిన్నది. జీఎస్టీ అవసరమే లేదు. తిండి పెట్టెటోళ్ళ రిజిస్ట్రేషన్ ఒకటి, దుకాణం నడుపనీకె గుమాస్తా లైసెన్సు ఒకటి, బస్. ఫారం నింపుడు ఎంతసేపు!" అంది. సారక్క ఆ రోజు అందరికీ బెల్లం పరమాన్నం పెట్టింది. లస్మన్న మంచం మీంచే, "మా ఇంటిది శెఠానీ అయితున్నదిరో" అని నవ్వి, ఆ నవ్వుకే దగ్గు తెచ్చుకున్నాడు.

ఫారంలో ఒకచోట బండి ఆగింది. జాగా ఎవరిది? అద్దె ఒప్పందం, అదే కిరాయి కరారు, ఏది? ఓనరు ఒప్పుకున్నట్టు సంతకం ఏది? వేరా బిల్లు, అంటే ఇంటిపన్ను బిల్లు, ఏది? ఇన్నేళ్ళు కిరాయి కట్టినా ఆ గదిలో సారక్క ఉందని చెప్పే ఒక్క చీటీ లేదు. మాలో ఎవ్వరికీ లేదు.

శేఠ్ దగ్గరికి పోయాం. ఆయన మాకు చాయ్ తెప్పించాడు. చాయ్ తెప్పించాడంటేనే పని కాదని మాకు తెలిసుండాల్సింది.

"మీరు నా పిల్లల్లాంటివాళ్ళు" అన్నాడు హిందీలో. "కానీ చూడు బెహన్, ఆ గదిలో ధంధా నడుస్తోందని నేను సంతకం పెడితే ఇంటిపన్ను దుకాణం పన్ను అవుతుంది. కిరాయికి ఇచ్చానని రాస్తే రేపు గది నీదే అంటావు. ఎందుకీ గొడవ? బామ్మర్ది క్యాంటీన్లో రొట్టెలు చెయ్యి, జీతం ఇస్తాడు."

"నా పొయ్యి నాకున్నది శేఠ్" అంది సారక్క. చాయ్ ముట్టకుండానే లేచింది.

తర్వాత ఆమె చేసిన పని ఈ దేశంలో మావంటి అమాయకులే చేస్తారు. ఓనరు సంతకం పెట్టనంటున్నాడు, మీరే దారి చూపండి అని ఆఫీసుకు పోయి అడిగింది. గల్లీ పేరు, గది గుర్తు అన్నీ తానే చెప్పింది. చక్కగా రాసుకున్నారు. ఆ రాసుకున్న కాగితమే పట్టుకుని బండి వేసుకొచ్చారు. అడగని మెస్సులు ఇప్పటికీ నడుస్తున్నాయి.

అన్నం పారబోశాక తాళం వేసి, లక్క సీలు కొట్టి, కాగితం అంటించారు. వెనక గదికి వేరే తలుపు లేదు. లస్మన్నను మంచంతో సహా బయటికి మోసుకొచ్చాం.

ఆ సాయంత్రం గల్లీలోనే కూర్చున్నాం. వాన చినుకులు పడుతున్నా ఎవరూ లేవలేదు.

అంబదాస్ బాపు మొదలుపెట్టాడు. ముసలి మేస్త్రీ, శేఠ్‌కు నమ్మకస్తుడు. "సర్కారుతోటి కొట్లాడి ఎవ్వడన్న గెలిచిండా? లస్మయ్యను ఊరికి తీస్కపొండ్రి. నాలుగొద్దులు శేఠ్ క్యాంటీన్ల తింటే సచ్చిపోతరా?"

"రేపు నీ ఖోలీకి గూడ సీలేస్తే గిట్లనే మాట్లాడుతవా బాపూ?" అంది వినోద. "కాయితం లేంది అక్కకొక్కదానికేనా? ఏక్ పణ్ కాగళ్ నథీ, ఈ గల్లీల ఒక్కరికి లేదు. శేఠ్ సంతకం పెట్టడు, సంతకం లేంది లైసెన్సియ్యరు, లైసెన్సు లేదని తాళమేస్తరు. తాళం పడంగనే క్యాంటీన్ నిండుతది. ఈ చక్కర్ ఎవలికోసం తిరుగుతున్నదో కనవడ్తలేదా?"

"సదువుకున్న పోరివి, నీకేమెర్క! నౌకరి వోతే పెండ్లాం పిల్లలు రోడ్డు మీదవడ్తరు."

"పడ్డది చూస్తున్నవు గద!" అని మంచం వైపు చెయ్యి చూపింది.

అప్పుడు లస్మన్న మాట్లాడాడు. ఒక్కో మాటకు ఒక్కో దమ్ము తీసుకుంటూ, "నన్ను యాడికి తీస్కపోవద్దు. నేను లేస్తే... రూము బామ్మర్దికిస్తడు. నేనీ గడప ఇడువ" అన్నాడు.

మా గదుల్లోకి రమ్మని ఎంత బతిమాలినా రాలేదు. పైన టార్పాలిన్ పట్టా కట్టాం. సీలు వేసిన తలుపుకు వీపు ఆనించి ఆ మనిషి కూర్చున్నాడు. మేం సంఘం తరఫున ఆఫీసుకు పోతే, ఓనరు కాగితం తెమ్మన్నారు. శేఠ్ దగ్గరికి పోతే, సీలు వేసింది నేనా అన్నాడు. వాన ఆగలేదు. సారక్క కొంగుతో అతని ఛాతీ తుడుస్తూనే ఉంది. ఒక మధ్యాహ్నం, పాళీ మారే వేళ, దగ్గు ఆగిపోయింది. ఆమె నా వైపు తిరిగి, "దగ్గుతలేడు పరమేశూ" అంది, అదేదో మంచి కబురైనట్టు. దేవుడా! ఆ మొహం నేను ఈ జన్మలో మరిచిపోలేను.

తాపీ నది ఒడ్డున కాల్చివచ్చాం. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలగకూడదు. చుట్టుపక్కల వాళ్ళే వండి తెస్తారు. గల్లీ ఆడవాళ్ళు తలా ఒక గిన్నె తెచ్చారు. సారక్క ముద్ద ముట్టలేదు. వినోద అవ్వ చిన్నవ్వ ఆమెను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "మందికి అన్నం వెట్టిన చెయ్యి బిడ్డా, నీకు వెట్టెటోళ్ళు లేరా?" అని ఏడ్చింది. గల్లీ అంతా ఏడ్చింది.

మూడోనాడు పిట్టకు పెట్టాలి. చచ్చిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి, విస్తరాకులో పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా ఎదురుచూడాలి. కాకి ముట్టనిదే ఎవరూ తినరు. ముట్టకపోతే పోయినవాడి మనసులో ఏదో కొరత మిగిలిందని మావాళ్ళ నమ్మకం. నాకు అలాంటి నమ్మకాలు లేవు. అయినా ఆ పొద్దున తలస్నానం చేసి వెళ్ళాను.

"మా ఇంట్ల వండుతం" అంది చిన్నవ్వ.

అంతవరకూ ఓ మూలన నిలబడ్డ అంబదాస్ బాపు ముందుకొచ్చాడు. గడ్డం మాసిపోయి ఉంది. "సచ్చిన మనిషికి పరాయి పొయ్యి మీద వండి పెడ్తరా? వాని ఇంట్ల పొయ్యి ఉండంగ?"

"సీలున్నది గద బాపూ" అన్నాను.

"నాకు కండ్లు కనవడ్తయి" అన్నాడు. సాంచాలు బిగించే పానా అతని చేతిలోనే ఉంది. తలుపు దగ్గరికి పోయి, లక్క ముద్ర మీద చెయ్యి పెట్టాడు. "లస్మయ్యా, నేనే మొన్న తాళం ఇరగ్గొడితే నువ్వు లోపట పండుకుంటుంటివి గద" అన్నాడు. ఒక్క దెబ్బకు తాళం ఊడి కింద పడింది.

సారక్క లోపలికి పోయి పొయ్యి అలికి ముగ్గు పెట్టింది. వెలిగించింది. పచ్చిపులుసు, ఎండుచేపల కూర, ఉడికించిన శనగ గుడాలు, జొన్నరొట్టె. కల్లు పెట్టాలని ఎవరో అన్నారు. మందు నిషేధమున్న రాష్ట్రంలో కల్లెక్కడిది? లస్మన్న క్షమిస్తాడులే అనుకున్నాం.

ఆ పూట మా కార్ఖానాలో ఒక్క సాంచా కొట్టుకోలేదు. మేం రాలేదని తెలిసి ఒడియా తమ్ముళ్ళు కూడా స్విచ్చులు తీసేసి వచ్చారు. ఆ మోత ఆగితే చెవులు నొప్పి పెడతాయని నాకు అప్పటిదాకా తెలియదు.

విస్తరాకు గల్లీ మధ్యలో పెట్టి దూరంగా నిలబడ్డాం. కాకి కార్ఖానా రేకుల మీద కూర్చుంది. రాలేదు. రెండు పోలీసు జీపులు మాత్రం వచ్చాయి. వెనక ఆఫీసరు, శేఠ్ బామ్మర్ది.

"సీలు ఎవరు తీశారు? మెస్సు ఎవరు నడుపుతున్నారు?" అన్నాడు జీపు దిగిన ఇన్‌స్పెక్టర్.

"మెస్సు గాదు సాబ్, సావు" అంది చిన్నవ్వ. "సచ్చినోనికి బువ్వ వెట్టనీకె గూడ లైసెన్సు గావాల్నా?"

వినోద దాన్ని గుజరాతీలో గట్టిగా చెప్పింది. ఆఫీసరు తల దించుకున్నాడు. ఇన్‌స్పెక్టర్ దించుకోలేదు. లాఠీలతో ముందుకు కదిలారు. అప్పుడు ఒడియావాళ్ళు, మావాళ్ళు, ఆడవాళ్ళు, విస్తరాకు చుట్టూ చేతులు పట్టుకుని నిలబడిపోయారు. పిట్ట ముట్టేదాకా ఎవరూ ఇక్కడినుంచి కదలరు, మీరు కూడా ఆగండి అని వినోద చెప్పింది. వాళ్ళు ఆగారు. ఆ పోలీసుల్లోనూ తండ్రులు చచ్చినవాళ్ళు ఉండుంటారు.

కాకి రాలేదు. సారక్క రెండు చేతులూ జోడించింది. "ఒచ్చి తిను. నా గురించి రంది వడకు. నేను బతుకుత" అంది. కాకి కదల్లేదు.

"రూము గురించి ఉన్నది వాని పాణం" అన్నాడు అంబదాస్ బాపు. గొంతెత్తి, రేకుల వైపు చూస్తూ అరిచాడు. "లస్మయ్యా! నీ రూము ఎవ్వనికి ఇయ్యం. నీ పొయ్యి ఆరనియ్యం. ఒట్టు!"

"ఒట్టు!" అన్నాం అందరం. నేనూ అన్నాను. తెలుగు రాని ఒడియా తమ్ముళ్ళు కూడా అదే మాట అన్నారు. దేనికి ఒట్టు పెడుతున్నారో వాళ్ళకు బాగానే తెలుసు.

కాకి దిగింది. ఎండుచేప ముక్క ముక్కున పట్టుకుని ఎగిరిపోయింది. సారక్క అప్పుడు మొదటిసారి గొంతు విప్పి, గుండెలు బాదుకుంటూ ఏడ్చింది.

తర్వాత ఇన్‌స్పెక్టర్ కాగితం తీసి, "ఈ మెస్సు ఓనరు ఎవరు?" అని అడిగాడు.

"నేనే సార్. సారక్క. లస్మయ్య భార్యను."

టకటకా రాసుకున్నారు. కిరాయి కరారు అడగలేదు. వేరా బిల్లు అడగలేదు. శేఠ్ సంతకం అవసరం పడలేదు. లైసెన్సు ఇవ్వమంటే ఓనరని ఒప్పుకోని సర్కారు, కేసు పెట్టడానికి ఒక్క నిమిషంలో ఒప్పుకుంది. ఆమెనూ అంబదాస్ బాపునూ జీపు ఎక్కించారు.

ఎక్కేముందు సారక్క వెనక్కి తిరిగింది. "వినోదా, బియ్యం నానవోసిన. రెండో పాళీ పోరగాళ్ళు ఒస్తరు. పొయ్యి ఆర్పకు బిడ్డా" అంది.

ఇవాళ వాళ్ళిద్దరికీ బెయిలు కోసం కోర్టు ముందు నిలబడ్డాం, అందుకే మాకు తోడుగా ఇక్కడికి వచ్చిన మీకు ఇదంతా చెప్తున్నాను. సాంచాలు ఇంకా ఆగే ఉన్నాయి. గల్లీలో ప్రతి గది తరఫునా కిరాయి కరారు అడుగుతూ శేఠ్‌కు అర్జీ ఇచ్చాం. వినోద కాలేజీ నుంచి రాగానే గుండిగ ఎక్కిస్తుంది, చిన్నవ్వ రొట్టెలు కొడుతుంది. సీలు వెయ్యడానికి మళ్ళీ వస్తున్నారని కబురొచ్చింది. రానీ. వాళ్ళొచ్చేసరికి అన్నం ఉడికి ఉంటుంది, ఈసారి గుండిగ చుట్టూ మేముంటాం.