ఇంటివైపు బాణాలు

పది దాటినా హొన్నెగుండి తీరానికి ఒక్క మనిషీ దిగి రాలేదు. పరమి వేయించిన నలభై బన్స్ వెదురుబుట్టలో, తడిగుడ్డ కింద మెత్తబడిపోతున్నాయి. అరటిపండు కలిపి పూరీల్లా వేయించిన ఆ పిండి వాసనకి ఒక కాకి వచ్చి ఆమె టీకొట్టు చూరు మీద వాలింది.

"అదిగో, తొలి బేరం," అంది పరమి.

జట్టప్ప నవ్వలేదు. సముద్రం వైపు చూస్తూ, తాను గాలి వాటం చూడ్డానికే వచ్చానని తనకి తాను చెప్పుకున్నాడు. పదకొండేళ్ళుగా రోజూ పొద్దున్నే పడవ దిగి, ఆ కొట్టులో టీ తాగుతూ అదే చెప్పుకుంటున్నాడు. పడవలకి పేర్లు రాసే పెళ్ళికాని మనిషికి గాలి వాటంతో పనేమిటని ఎవరూ నిలదీయలేదు. అందుకే ఆ సాకు ఇంకా అరిగిపోలేదు.

ఇవాళ మాత్రం గాలి ఊసు మనసుకి కూడా సరిపోవడం లేదు. దీపావళి లోపు గిరాకీ పెరగకపోతే కొట్టు ఎత్తేసి కార్వార్‌లో చెల్లెలి దగ్గరికి పోతానని పరమి పోయిన నెల అంది. చిల్లర లేదన్నంత మామూలుగా అంది. జట్టప్ప ఆ వారమే పంచాయతీకి వెళ్ళాడు. ఊరి నుంచి హొన్నెగుండి దాకా కొండ అంచున ఉన్న కాలిదారికి గుర్తులు వేస్తే, నడక సరదా ఉన్నవాళ్ళు పట్నాల నుంచి వస్తారని చెప్పాడు. అంత పొడుగు మాట అతని నోట ఎన్నడూ వినకపోవడం వల్లనో ఏమో, అధ్యక్షుడు శాంతారామ్ నాయక్ సరేనన్నాడు. రెండు రోజులు ఎండలో వంగి జట్టప్ప ఇరవై ఏడు రాళ్ళ మీద తెల్ల బాణాలు వేశాడు. ఇరవయ్యో రాయి నున్నగా ఉండటంతో, దాని మీద 'సులువైన దారి' అని పడవ పేరంత అందంగా రాశాడు.

తొలి జట్టు ఇవాళే రావాలి. హుబ్బళ్ళి నుంచి పద్నాలుగు మంది, అందరూ ఉద్యోగ విరమణ చేసినవాళ్ళే.

ఫోన్ మోగింది.

"జట్టప్పా, నువ్వు దారి చూపించావా, దారి మళ్ళించావా?" శాంతారామ్ గొంతు కాకికి కూడా వినిపించింది. "ఇటునుంచి మొదటి రాయి దగ్గర బాణం ఊళ్ళోకి చూపించిందట. రెండోదీ ఊళ్ళోకే. మూడో రాయి దగ్గర వాళ్ళలో ఒక హెడ్‌మాస్టరమ్మ 'మనం చివర్నుంచి మొదలుపెట్టినట్టున్నాం' అందట. అంతే, అందరూ వెనక్కి తిరిగి, బుద్ధిగా బాణాల వెంట నడిచి, ఇప్పుడు బస్టాండు హోటల్లో మసాలా దోసె తింటున్నారు. దారి చాలా సులువుగా ఉందని నన్ను మెచ్చుకున్నారు కూడానయ్యా!"

ఫోన్ పెట్టేశాక జట్టప్ప కళ్ళు మూసుకుని రాళ్ళన్నీ ఒకసారి చూసుకున్నాడు. నిజమే. ఇరవై ఏడూ ఊరివైపే. కానీ బాణం ఇంకెటు చూపిస్తుంది? హొన్నెగుండికి ఎవరైనా వేకువన వేటపడవలో వచ్చి దిగుతారు. పడవ వాళ్ళని దింపి నడి సముద్రానికి పోతుంది. పని చూసుకున్న మనుషులు కొండ మీదుగా నడిచి ఇల్లు చేరతారు. కాలిదారి అంటే తిరిగొచ్చే దారి. ఊరి నుంచి ఇటు నడిచి వచ్చినవాణ్ణి పుట్టి బుద్ధెరిగాక అతను చూడలేదు.

పరమికి నవ్వు ఆగలేదు. "మొదటి బాణం నా పొయ్యి పక్కనే వేశావుగా! పోయేవాళ్ళకి ఇది, వచ్చేవాళ్ళకి వేరేవి వేసుంటాడులే అనుకున్నా." కాకి ముట్టకుండా బుట్ట మీద మూత పెట్టి, మూత మీద రాయి పెట్టింది. "పద, మిగతావీ చూద్దాం."

ఇల్లూ కొట్టూ అక్కడే కావడంతో, ఊళ్ళో సరుకులకి పడవలో వెళ్ళి పడవలోనే రావడంతో, ఆ దారిన పరమి నడిచి ఏళ్ళయింది. అతనితో కలిసి నడవడం అసలు ఇదే మొదలు. ముందు ఆమె, వెనక అతను. ప్రతి రాయి దగ్గరా ఆగింది.

"ఇదీ ఇంటికే. అబ్బో, ఇదీ ఇంటికే. ఏం తొందరయ్యా ఇంటికి? అక్కడ నీకోసం కాచుకుని కూర్చున్నదెవరు, రంగు డబ్బాలా?"

ఊరంతా అతన్ని జట్టన్నా అంటుంది. పరమి ఒక్కతే ఏ వరసా కలపదు. ఎందుకో అతను ఎన్నడూ అడగలేదు. అడిగితే కలుపుతుందేమోనని భయం.

పదకొండో రాయి దగ్గర ఆమె నవ్వు ఆపింది.

"రంగు డబ్బాలు మీ ఇంట్లోనే కదా ఉంటాయి?"

"ఆఁ."

"చివరి రాయి కూడా మీ ఇంటి గుమ్మం ముందేనన్నావు."

"ఆఁ."

"మరి గుమ్మం ముందు మొదలుపెట్టకుండా, డబ్బా పడవలో మోసుకొచ్చి నా కొట్టు దగ్గర ఎందుకు మొదలుపెట్టావు?"

దారి ఎక్కడ మొదలవుతుందని జట్టప్ప ఆలోచించనే లేదు. ఆలోచించి ఉంటే జాగ్రత్తపడేవాడు. ఆలోచన పక్కకి తప్పుకున్నప్పుడు చూసి, చెయ్యి ఉన్నమాట చెప్పేసింది. అదీ గుసగుసగా కాదు, ఇరవై ఏడు రాళ్ళ మీద, తెల్లరంగుతో.

"గాలి వాటం..." అన్నాడు.

"ఇవాళ గాలే లేదు," అంది పరమి, ముందుకి నడుస్తూ.

ఊళ్ళో రేవు మెట్ల మీద హుబ్బళ్ళివాళ్ళు కూర్చుని ఉన్నారు. వాళ్ళ మధ్య శాంతారామ్ చెమట తుడుచుకుంటున్నాడు. హెడ్‌మాస్టరమ్మ చేతికర్ర ఎత్తి అడిగింది. "ఏమయ్యా, బాణాలు వేసింది నువ్వేనా? మేం బాణానికి ఎదురెళ్ళే మనుషులం కాదు."

జట్టప్ప నోరు తెరిచేలోపే పరమి అందుకుంది. "మీరు సరిగ్గానే చదివారమ్మా. మా దారి హొన్నెగుండిలోనే మొదలు. ముందు పడవ, ఆ తర్వాత నా కొట్టులో బన్స్, పుల్లటి కోకం పండ్ల షరబత్తు, ఆ తర్వాత నడక. ఇంటికి పోయేటప్పుడు కాళ్ళు వాటంతటవే నడుస్తాయి. మూడింటికి పోటు వచ్చి నీళ్ళెక్కుతాయి, పడవ పెట్టిస్తాం. ఏమంటారు నాయక్ గారూ?"

"అదే, నేనూ అదే చెప్పబోతున్నా," అన్నాడు శాంతారామ్.

"రోజూ ఇలాగేనా?" పరమి అతన్ని వదల్లేదు.

"రోజూ ఇలాగే. బోర్డు కూడా రాయిస్తాం."

జట్టప్ప ఇంటి ముందు, ఇరవై ఏడో రాయి దగ్గర, పరమి ఆగి కుంచె అడిగింది.

"చెరిపేస్తావా?"

"చెరపడమెందుకు? ఒకటి తక్కువైంది." అతని గుమ్మం మెట్టు మీద వంగి, నాలుక మునిపళ్ళ మధ్య పెట్టుకుని, హొన్నెగుండి వైపు ఒక బాణం గీసింది. రంగు కారి దానికి తోక మొలిచింది.

"చేపలా ఉంది," అన్నాడు జట్టప్ప.

"ఎలా ఉంటేనేం. ఇది నడక సరదావాళ్ళకి కాదు."

"మరెవరికి?"

ఆమె అప్పటికే కొండ ఎక్కుతోంది. మూడు గంటలకి కొట్టు దగ్గర ఉండాలి. జట్టప్ప తడి బాణాన్ని తొక్కకుండా దాటి వెనకే నడిచాడు. ఎప్పుడూ ఎడంపక్కన ఉండే సముద్రం ఇవాళ కుడిపక్కకి వచ్చింది. దిగేటప్పుడు తెలియని ఎత్తు ఎక్కేటప్పుడు మోకాళ్ళలో తెలిసింది. ఇరవయ్యో రాయికి చేరేసరికి రొప్పుతూ దానికి చేరగిలబడిపోయాడు.

"నీ వెనక ఏదో రాసుంది. చదువు," అంది పరమి.

"సులువైన... దారి." ఊపిరి అందాక అన్నాడు. "ఏ వెధవ రాశాడో."

పరమి నవ్వి పక్కనే కూర్చుంది. అడగాలనుకున్నది అడగడానికి ఇదే సమయమని అతనికి తెలుసు. ఆయాసం ఇంకా తగ్గనట్టు కాసేపు నటించాడు.

"మరి కార్వార్?"

"పండక్కి చెల్లెల్నే ఇటు రమ్మంటాను." కొంగుతో ముఖం తుడుచుకుంది. "లే. ఈపాటికి కాకి మూత తీయడం నేర్చుకుని ఉంటుంది."