ఒట్టు వేయని సాక్షి

మా ఆయన కోదండం పెళ్ళయినప్పటి నుంచి నా మీద ఒక్క ఒట్టు కూడా వేయలేదు. నేను మాత్రం రోజుకు ఎన్ని వేస్తానో లెక్కే లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం నడపాలంటే నోట్లో దేవుడు ఉండాల్సిందే. "అమ్మతోడు అక్కా, గిది మగ్గం మీద నేసిందే" అంటే తప్ప గిరాకీ చెయ్యి పర్సులోకి పోదు. ఈయనేమో "ఇది పోచంపల్లిది, అది సూరత్‌ది" అని ఉన్నదున్నట్టు చెప్పి కూర్చుంటారు. మా మామగారు పోచంపల్లిలో నేత నేసేవారు. పొద్దున్నే మగ్గానికి దండం పెట్టేటప్పుడు దేవుని పేరు తలిచేవారు గానీ, బేరంలోకి మాత్రం ఎన్నడూ లాగలేదట. కొడుక్కి ఆస్తి ఇవ్వలేదు, ఈ మొండిపట్టు మాత్రం ఇచ్చి పోయారు.

నిరుడు ఆ మొండిపట్టు జానయ్య మీదికి వచ్చింది. జానయ్య ఆటో అప్పట్లో మా దుకాణం ముందే ఆగి ఉండేది. బతుకమ్మ గిరాకీ రోజుల్లో రాంగ్ సైడులో వచ్చిన బైకు ఒకటి ఆగి ఉన్న ఆటోను గుద్దుకుంది. బైకు నడిపినాయన కాలు విరిగింది. ఆటోయే వచ్చి గుద్దిందని జానయ్య మీద కేసు పడింది. ఓడిపోతే లైసెన్సు పోతుంది, జైలు కూడా పడొచ్చు. జరిగింది కళ్ళారా చూసింది మా ఆయన ఒక్కరే.

సాక్ష్యం రోజున ఎల్బీనగర్ కోర్టుకు జానయ్య ఆటోలోనే బయలుదేరాం. దారిలో కనబడ్డ ప్రతి గుడికీ, దర్గాకూ అతను రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. అతను చేతులు ఎత్తినప్పుడల్లా నేను కళ్ళు మూసుకున్నాను.

"సేటూ, నీకు దండం పెడ్త. నో పార్కింగ్ బోర్డు ముచ్చట మాత్రం తియ్యకు" అని మా ఆయన్ని కూడా వేడుకున్నాడు.

"అడిగితే చెప్త" అన్నారు ఈయన.

మా ఆయన బోను ఎక్కగానే కోర్టు గుమాస్తా వెంకట్రావు గారు రోజూ చెప్పించే మాటే చెప్పించబోయారు. "దేవుని ఎదుట ప్రమాణం చేసి అంతా నిజమే చెప్తాను అనండి."

"అంతా నిజమే చెప్త సార్."

"దేవుని ఎదుట అనండి."

"దేవున్ని దీంట్లకు గుంజను సార్."

సర్కారు వకీలు లేచి నిలబడ్డారు. "ఒట్టు వేయడానికి భయపడే మనిషి మాట ఎలా నమ్మేది? అసలు ఈయనకు దేవుడి మీద నమ్మకం ఉందో లేదో ముందు చెప్పమనండి."

జానయ్య మొహంలో నెత్తురు లేదు. మా ఆయన వైపు చేతులు జోడించాడు. నాకు కడుపు మండిపోయింది. ఒక్క ముక్క అంటే నోరేమైనా అరిగిపోతుందా? పక్కవాడి బతుకు పోతుంటే ఈయనకు పట్టింపులు కావాల్సి వచ్చాయి! బెంచీ మీద నుంచి కళ్ళతోనే తిట్టాను. ఆయన నన్ను చూశారు, జానయ్యను చూశారు.

"గాయన బతుకు నా నోట్ల ఉన్నదని నాకెర్కనే. గందుకే నోటికొచ్చినట్టు అననీకి ఒస్తలేదు."

జడ్జిగారు కళ్ళద్దాలు తీశారు. ఆవిడది బెజవాడ వైపు మాట. "వకీలు గారూ, ఆయనకు నమ్మకం ఉందో లేదో అడిగే హక్కు మీకు లేదు, నాకు లేదు, ప్రభుత్వానికీ లేదు. దేవుడి పేరున వద్దనుకున్నవాళ్ళు మనస్సాక్షిగా చెప్తానంటే చాలని చట్టమే అంటోంది. మనకు కావాల్సింది ఆయన చూసిన సంగతి, ఆయన పూజగది కాదు. కోదండం గారూ, మనస్సాక్షిగా నిజం చెప్తారా?"

"అది రోజు చేసే పనే మేడమ్."

ఆటో ఆగి ఉందనీ, బైకే రాంగ్ సైడులో వచ్చిందనీ చెప్పారు. అప్పుడు వకీలు తెలివిగా అడిగారు. "ఆటో సరిగ్గా ఎక్కడ ఉంది?"

జానయ్య తల పట్టుకున్నాడు.

"నో పార్కింగ్ బోర్డు కిందనే సార్. రోజు గాడనే పెడ్తడు. గిరాకిని దింపుతడని నేను కూడ ఏమనలే. తప్పు నాది కూడ ఉన్నది."

"విన్నారా మేడమ్! పెట్టకూడని చోట బండి పెట్టాడు!" అని వకీలు గెలిచినట్టు మొహం పెట్టారు.

"విన్నాను. పెట్టి ఉందని మీరూ ఒప్పుకుంటున్నారుగా" అన్నారు జడ్జిగారు. కోర్టంతా నవ్వింది. వెంకట్రావు గారు కూడా నవ్వారు.

కొన్నాళ్ళకు కేసు కొట్టేశారు. జానయ్య తీర్పు విని బయటికి వచ్చి ఏడ్చాడు, మా ఆయన కాళ్ళ మీద పడబోయాడు, తర్వాత బోర్డు సంగతి చెప్పినందుకు ఆయన్నే నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టాడు. ఆటో ఇప్పుడు వెనక గల్లీలో పెడుతున్నాడు.

తీర్పు వచ్చిన ఆ రోజు మలక్‌పేట దాకా తిప్పి మాకు ఇరానీ చాయ్ తాగించాడు. ఆ సంబరంలో, ఎన్నేళ్ళ నుంచో అడగాలనుకున్నది అడిగేశాను.

"నేనంటే ఇష్టం ఉన్నదా లేదా? నిజం చెప్పుండ్రి."

మా ఆయన చాయ్ కప్పు కింద పెట్టారు. "ఉన్నది" అన్నారు.

ఒట్టు వేయలేదు. అమ్మతోడు, నేను నమ్మాను.