డెబ్బై మీద ముల్లు

పార్సిల్ విప్పగానే అన్నయ్య అట్టపెట్టెను నాలుగు వైపులా తిప్పి చూశాడు.

"దీని మీద కంపెనీ ఫోన్ నంబరేదే?"

"కంపెనీ లేదన్నయ్యా. ఇది ఓపెన్ సోర్స్. దీని లోపలి ప్రోగ్రామంతా అందరికీ ఇచ్చేశారు. ఎవరైనా విప్పి చూడొచ్చు, ఎవరికి కావాల్సినట్టు వాళ్ళు మార్చుకోవచ్చు. అందరిదీ."

"అందరిదీ అంటే ఎవరిదీ కాదన్నమాట. పాడైతే ఎవర్ని తిట్టాలి?"

"పొట్టిని తిట్టండి. ఇంట్లోనే ఉందిగా," అంది వదిన వంటగదిలోంచి.

పొట్టి అని ఇంట్లో పిలిచే ఆ పిల్లకు ఇరవై నాలుగేళ్ళు. ఫోన్లు బాగుచేసే దుకాణంలో పని. చేతిలో పట్టే ఈ ఆటల యంత్రాన్ని ఆమె సరదాకి తెప్పించలేదు. అన్నయ్య కుడిచేతి కోసం తెప్పించింది.

అన్నయ్య ప్రింటింగ్ ప్రెస్సులో కాగితాలు కోసే యంత్రం మీద పద్దెనిమిదేళ్ళు పనిచేశాడు. అక్కడ అందరూ ఆయన్ని కత్తి మాస్టరు అంటారు. మోకాలెత్తు కాగితాల దొంతరను రెండు చేతుల్తో ఎత్తి, అంచులు తట్టి సమం చేసి, కత్తి కిందికి తోసి, రెండు బటన్లూ ఒకేసారి నొక్కితే కత్తి దిగుతుంది. ఏ ఒక్క చెయ్యి ఎత్తినా ఆగిపోతుంది. పద్దెనిమిదేళ్ళలో ఆయన గోరు కూడా చెక్కుకుపోలేదు. ఒకనాడు ఇంట్లో కిటికీ రెక్క మూస్తుంటే గాజు పగిలి అరచేతిలో దిగింది. చూపుడువేలినీ మధ్యవేలినీ లాగే నరాలు రెండూ తెగాయి. ఆపరేషన్ చేసి అతికారు. మూడు నెలల్లో చెయ్యి బాగైతే ఆ చోటు ఆయనదే, లేకపోతే ఇప్పుడు తాత్కాలికంగా పెట్టుకున్నవాడిదే అని ప్రెస్సు ఫోర్‌మన్ మొదటి వారమే చెప్పేశాడు.

ఆసుపత్రిలో చేతి వ్యాయామాలు నేర్పే ఆవిడ దగ్గర పిడికిలి బలాన్ని చూపించే మీటరు ఒకటుంది. సున్నా నుంచి వంద దాకా. ఆవిడ ప్రతి మాటా చివరికి డెబ్బై దగ్గరే తేలేది. డెబ్బై వస్తే బరువులెత్తొచ్చు, డెబ్బై లేనిదే నీళ్ళ బకెట్ కూడా ముట్టుకోవద్దు. అందుకని అన్నయ్య ఆవిడకు డెబ్బైగారు అని పేరు పెట్టాడు.

ఈ యంత్రం పైఅంచున ఉన్న బటన్లు ఎంత బలంగా నొక్కితే అంత అంకె ఇస్తాయి. దాని మీద ఆడే ఆటల్లో ఒకటి పొట్టికి నచ్చింది. రేవులో క్రేను ఒకటి పెట్టెను ఎత్తి ఓడలో దించాలి. బటన్‌ను పది సెకన్లు గట్టిగా నొక్కిపట్టాలి. పట్టు సడలితే పెట్టె నీళ్ళలో పడుతుంది. తెర మూల గడియారంలాంటి డయల్‌లో బలం ఎంతో ముల్లు చూపిస్తుంది. పొట్టి ఆ ముల్లును ఆసుపత్రి మీటరుతో సరిపోయేలా అమర్చి, డెబ్బైగారికి చూపించింది. ఆవిడ తానే నొక్కి చూసి, "బాగుందమ్మా. ఇంట్లో ఇది పెట్టుకోండి. ఇందులో డెబ్బై రాగానే నా దగ్గరికి రండి, నా మీటరు మీద చూసి పనికి రాసిస్తాను," అంది.

మొదటి పది రోజులూ ఆటకంటే మరమ్మతే ఎక్కువైంది. బ్యాటరీ గంటన్నరకే నీరసపడేది. ఎడమ బటన్ లోపలికి పోయి అక్కడే కూర్చునేది. ఒకరోజు అప్‌డేట్ వేస్తే చప్పుడు పోయింది, ఇంకో అప్‌డేట్ వేస్తే చప్పుడు వచ్చి రంగులు పోయాయి. ఎవర్నడగాలన్నా మొహం తెలియని వాళ్ళ గుంపులో ప్రశ్న రాసి రెండు రోజులు కాచుకోవాలి. ఒకడు 'నాకూ ఇదే బాధ' అని రాసేవాడు. అంతే జవాబు.

"కొన్నది ఆడుకోడానికా, బాగుచేసుకోడానికా?" అని నవ్వేవాడు దుకాణం యజమాని. "ఉమ్మడి బర్రె పుచ్చి చచ్చిందని ఊరికే అన్నారా!"

అయినా చెయ్యి కదిలింది. ఇరవై, ముప్ఫై, నలభై. నలభై ఏడు దగ్గర ముల్లు మేకు కొట్టినట్టు ఆగిపోయింది. రెండో నెల దాటింది. రోజూ అదే పెట్టె, అదే ఎత్తున, నీళ్ళలో పడేది. ఒక సాయంత్రం పొట్టి దుకాణం నుంచి వచ్చేసరికి అన్నయ్య గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. యంత్రం మంచం కింద బోర్లా పడి ఉంది.

"పొద్దుట్నుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు," అంది వదిన మెల్లగా. "గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు, ఆ ఫోర్‌మన్ ఇవాళే ఫోన్ చేశాడు. కొత్తవాడు బాగానే కోస్తున్నాడట."

"అన్నయ్యా, లే. ఒక్కసారి ఆడు."

"ఎందుకే? బొమ్మ పెట్టెనే ఎత్తలేనివాణ్ణి, దొంతరెత్తుతానా? కత్తి మాస్టరట. బ్లేడు మాస్టరుగా కూడా పనికిరాను."

ఎప్పుడూ తన జోక్‌కి తనే ముందు నవ్వే మనిషి. ఆ రోజు నవ్వలేదు.

మర్నాడు మధ్యాహ్నం దుకాణంలో అన్నం డబ్బా మూత తియ్యకుండానే పొట్టి ఆ యంత్రాన్ని కంప్యూటరుకు తగిలించింది. ప్రోగ్రాములో ముల్లును నడిపించే వరస ఎక్కడుందో ఆమెకు తెలుసు. వచ్చిన బలాన్ని చూపించేముందు ఒకటీ పాయింటు రెండుతో గుణించమని రాసింది. ఆ ప్రోగ్రాముకో పద్ధతి ఉంది. ఎందుకు మార్చావో ఒక్క వాక్యమైనా రాయనిదే ఏ మార్పునీ తీసుకోదు. ఆ వాక్యాలన్నీ యంత్రంలోనే 'మార్పులు' అనే పేజీలో తేదీలతో సహా ఉంటాయి. ఎవరైనా తెరిచి చూడొచ్చు. ఆమె కాసేపు ఆలోచించి రాసింది: 'ఓడిపోతున్నాడు. కొన్నాళ్ళకే.'

ఆ సాయంత్రం ముల్లు యాభై ఆరు చూపించింది.

"ఏమేవ్!" అని అన్నయ్య పెట్టిన కేకకి వదిన చేతిలో గరిటెతో పరిగెత్తుకొచ్చింది. ఆయన ఆ రోజు రెండుసార్లు వడ్డించుకుని తిన్నాడు.

నాలుగు రోజులకి ఒకటీ పాయింటు మూడు. మరో వారానికి ఒకటిన్నర. మెట్టు మెట్టుగా ఎక్కించింది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ఉత్సాహం వస్తే బలం అదే వస్తుందనీ, వచ్చినకొద్దీ తన లెక్క వెనక్కి తగ్గించుకోవచ్చనీ ఆమె అనుకుంది. కానీ గెలుస్తున్నవాడు ఎక్కువెందుకు నొక్కుతాడు? అన్నయ్య పెట్టె ఓడలో పడేంతే నొక్కేవాడు. అసలు అంకె ఆ నలభై ఏడు దగ్గరే ఉండిపోయింది. ఒకసారి ధైర్యం చేసి ఒకటీ పాయింటు నాలుగుకి దించింది. ముల్లు అరవై అయిదు దగ్గర ఆగింది. అన్నయ్య మొహం చూస్తుండగానే నల్లబడింది.

"కొత్తగా ఏదో అప్‌డేట్ వేశావు కదూ? చెడగొట్టింది. పాతదే పెట్టవే పొట్టీ, నీకు పుణ్యముంటుంది."

పాతదే పెట్టింది. ముందుకి పోతే నుయ్యి, వెనక్కి పోతే గొయ్యి. ఒక్కటే ఆమెకు ఆసరా. ఎలాగూ డెబ్బైగారి దగ్గరికి వెళ్ళాలి. ఆవిడ మీటరు అబద్ధమాడదు. అక్కడే నిజం బయటపడుతుంది, ఇంకో నెల గడువడుగుదాం అనుకుంది. అలా అనుకుని రోజూ అన్నం తినగలిగింది.

మూడో నెల ఆఖరి వారంలో ఒక ఉదయం పదకొండింటికి వదిన ఫోన్ చేసింది. గొంతులో నవ్వు ఆగడంలేదు.

"అమ్మాయ్, మీ అన్నయ్య ప్రెస్సుకి వెళ్ళారు! నువ్వు సాయంత్రం వచ్చాక చెప్పి ఉలిక్కిపడేలా చేద్దామన్నారు కానీ నా నోట్లో నువ్వు గింజ నానదుగా."

"ప్రెస్సుకా? ముందు ఆసుపత్రికి కదా వెళ్ళాలి?"

"అదే నేనూ అన్నాను. ఒకే అంకె రెండు చోట్ల చూపించుకోడం దేనికన్నారు. నీ యంత్రాన్నే జేబులో పెట్టుకెళ్ళారు, ఫోర్‌మన్‌కి అదే సర్టిఫికెట్టని. అక్కడ పెద్ద ఆర్డరేదో ఉందట, ఆయనా సరేనన్నాడట."

పొట్టి చేతిలో వేడెక్కిన సోల్డరింగ్ ఐరన్‌ను స్టాండులో పెట్టడం కూడా మరిచి బల్ల మీద పడేసి పరిగెత్తింది. యజమాని వెనకనుంచి అరుస్తూనే ఉన్నాడు. ప్రెస్సు మూడు వీధుల అవతల. దారిలో రెండుసార్లు అన్నయ్యకి ఫోన్ చేసింది. ఎత్తలేదు. కోత యంత్రం దగ్గర ఉన్నప్పుడు ఆయన ఫోన్ ఎత్తడు. పద్దెనిమిదేళ్ళ అలవాటు.

గుమ్మం దగ్గరికి చేరేసరికి లోపల పనివాళ్ళు ఏడెనిమిదిమంది గుండ్రంగా నిలబడి ఉన్నారు. సిరా వాసన, కాగితపు ధూళి. మధ్యలో అన్నయ్య. ఉతికిన చొక్కా, నున్నగా గీసిన గడ్డం. ఫోర్‌మన్ చేతిలో ఆమె యంత్రం. తెర మీద, అన్నయ్య ఇందాక నొక్కిన చోటే నిలిచిన ముల్లు, డెబ్బై.

"ఇదేదో మా కత్తిగాడికి సరిగ్గా సరిపోయింది రోయ్," అంటున్నాడు ఫోర్‌మన్. "చెయ్యి పోయిందన్నారు, ఆటలాడి తెచ్చుకున్నాడు!"

అన్నయ్య రెండు బటన్లూ నొక్కాడు. కత్తి దిగింది. చిన్న కట్టే అయినా, కోత దారం పట్టినట్టు వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. అన్నయ్య నవ్వాడు. తన జోక్‌కి తనే నవ్వేటప్పటి నవ్వు.

పొట్టి నోరు తెరిచింది. ఏమని అరవాలి? అన్నయ్యా, నీ బలం అబద్ధం అనా? ఇంతమందిలో, ఫోర్‌మన్ ముందు, తాత్కాలికంగా వచ్చినవాడు చేతులు కట్టుకుని చూస్తుండగానా? ఈ కోత అయిపోనీ, పక్కకి పిలిచి చెబుదాం అనుకుంది. నలుగురిలో మనవాళ్ళ పరువు తియ్యకూడదని చిన్నప్పుడు ఆమెకు నేర్పింది ఆ అన్నయ్యే. గుమ్మం పట్టుకుని నిలబడింది. ఎంతసేపో కాదు, రెండు నిమిషాలు.

"ఇక అసలుది ఎత్తు మాస్టరూ," అన్నాడు ఫోర్‌మన్.

అన్నయ్య వంగి పెద్ద దొంతర కింద చేతులు పెట్టాడు. ఎత్తాడు కూడా. నడుము దాకా వచ్చింది. అప్పుడు కుడివైపు అంచు కిందికి ఒరిగింది. పొట్టి "వదిలెయ్!" అని అరిచింది. పడిపోతున్న కాగితాన్ని పట్టుకోవడం ఆయన చేతులకి పద్దెనిమిదేళ్ళ అలవాటు. కుడిచెయ్యి వేళ్ళు వంచి బరువంతా ఆపబోయాడు. లోపల టప్పున తెగిన చప్పుడు తనకే వినిపించిందని తర్వాత చెప్పాడు. కాగితాలు నేలంతా పరుచుకున్నాయి. అన్నయ్య చేతిని ఎవరిదో అన్నట్టు చూసుకుంటూ నిలబడ్డాడు. రెండు వేళ్ళూ వంగనని చాచుకుని ఉన్నాయి.

ఆసుపత్రిలో డాక్టరు మళ్ళీ కోశాడు. ఈసారి అతికించడానికి కొసలు సరిగ్గా దొరకలేదన్నాడు. అన్నం కలుపుకోవచ్చు, బొత్తాం పెట్టుకోవచ్చు, బరువు మాత్రం ఈ జన్మకి లేదన్నాడు. డెబ్బైగారు వరండాలోకి వచ్చి, "నా దగ్గరికి ఒక్కసారి వచ్చి ఉంటే!" అంది. ఆవిడ కళ్ళు పొట్టి చేతిలోని ఆటల యంత్రం మీద కాసేపు ఆగాయి.

పొట్టి ఆ రోజే చెప్పింది. ఆసుపత్రి మెట్ల మీద, ముందు వదినకి. వదిన తిట్టలేదు. "నువ్వు కాబట్టి చేశావు," అంది. ఆ తర్వాత ఆమెతో పరాచికాలాడటం మానేసింది. కూర వడ్డించేటప్పుడు "ఇంకొంచెం వెయ్యనా" అనేది, ఇంటికొచ్చిన కొత్త చుట్టాన్ని అడిగినట్టు.

అన్నయ్యకి చెప్పినప్పుడు ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆరు వారాలు ఆ యంత్రం ఊసెత్తలేదు. కట్టు విప్పిన రోజు సాయంత్రం ఆ యంత్రాన్ని తెమ్మన్నాడు.

"ఏం మార్చావో ఎక్కడో రాసి ఉంటుందన్నావే. చూపించు."

ఆమె పేజీ తెరిచి ఎడమచేతికిచ్చింది. ఆయన బొటనవేలితో పైకి జరుపుతూ ఒక్కొక్కటీ పైకే చదివాడు, చిన్నపిల్లలు పాఠం చదివినట్టు.

"ఓడిపోతున్నాడు. కొన్నాళ్ళకే." ఆగాడు. "రెండుసార్లు వడ్డించుకుని తింటున్నాడు." మళ్ళీ ఆగాడు. "డెబ్బై. ఇక్కడితో ఆపాలి." చివరిది: "తగ్గిస్తే మొహం మాడ్చుకున్నాడు, తిరిగి పెట్టాను."

"ఇన్నాళ్ళూ ఇది ఇందులోనే ఉందా?"

"ఉంది."

"నేను చూసి ఉండొచ్చు."

"ఎవరైనా చూడొచ్చన్నయ్యా."

"ఎవరూ చూడరే," అన్నాడు. "ఇంట్లోవాళ్ళు చేసిందాన్ని విప్పి ఎవడు చూస్తాడు?" కోపం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండునని ఆమెకనిపించింది.

"నీ లెక్క తీసెయ్."

ఆమె అక్కడే కూర్చుని గుణకారం తీసేసింది. ఎందుకు మార్చావని యంత్రం అడిగింది. ఏం రాయాలో తోచక ఖాళీగా వదిలితే ఒప్పుకోలేదు. 'అడిగాడు' అని రాసింది.

అన్నయ్య కుడిచేతిలోకి తీసుకుని నొక్కాడు. మెడమీద నరం ఉబ్బింది. రేవులో క్రేను కదిలింది, పెట్టె జానెడు లేచి నీళ్ళలో పడింది. ముల్లు పదకొండు దగ్గర వణికి నిలిచింది.

"పదకొండు," అన్నాడు. "ఇది నిజమేనా?"

"నిజమే అన్నయ్యా."

ఆయన ముల్లు వైపు చూడటం మానేసి ఆమె మొహంలోకి చాలాసేపు చూశాడు.

"మళ్ళీ ఒకసారి చూడు," అన్నాడు. "పెంచి చూపిస్తోందేమో."