పొడి లేని గ్లాసు

కుమాసీ ఊళ్ళో ప్రొఫెసర్ అమాన్‌క్వా గారి పొడి పనిచేస్తుందని ఇంకా పూర్తిగా తేలనేలేదు, ప్రారంభోత్సవానికి అందరూ కుట్టించుకుని తొడుక్కునే గుడ్డలు మాత్రం దాని పేరున అచ్చయిపోయాయి. గుడ్డ నిండా తేనెపట్టులాంటి బెజ్జాల బొమ్మలు, ఒక్కో బెజ్జంలో ప్రొఫెసర్ గారి నవ్వు!

వరి ఊక కాల్చి తీసిన పొడి అది. అందులో కంటికి ఆనని బెజ్జాలు కోకొల్లలు. సబ్బునీళ్ళలో పొడి కలిపి నైలాన్ కాగితంలో వడపోస్తే, సబ్బు ఆ బెజ్జాల గోడలకి అతుక్కుపోయి నీళ్ళు నురగ లేకుండా దిగుతాయని ఆయన వాదన. దిగేవి కూడా! ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న సెర్వా డాక్టరేట్ మొత్తం ఆ లెక్కల మీదే నిలబడి ఉంది. ఆయన సంతకం పెడితే పట్టా, లేకపోతే ఇన్నేళ్ళ చాకిరీ గాలికి.

తీరా ప్రారంభోత్సవం రేపనగా సెర్వాకి అనుమానమొచ్చింది. పొడి వెయ్యకుండా ఉత్త సబ్బునీళ్ళు వడపోసి చూసింది. అప్పుడూ నురగ లేదు! సబ్బుని మింగుతున్నది కాగితం. పొడికీ సబ్బుకీ ఉన్నది ఒకే రకం విద్యుదావేశం, మరి దగ్గరకెందుకు చేరతాయి?

"ప్రొఫ్, పొడి ఏమీ చెయ్యట్లేదండీ. అంతా కాగితమే."

"ఆ పరీక్ష చెయ్యమని నీకెవరు చెప్పారమ్మా?"

"ఎవరూ చెప్పలేదు ప్రొఫ్. అదే కదా మన తప్పు."

"జనం గుడ్డలు కుట్టించేసుకున్నాక తప్పేంటి, ఒప్పేంటి? నోరు జారావో, సంతకం మర్చిపో."

మర్నాడు షామియానా, ప్రార్థన, ఉపన్యాసాలు, మళ్ళీ ప్రార్థన. ముఖ్య అతిథి నానా బోఫో ఒక ఊరి రాజు; నానా అన్నది అక్కడి రాజుల బిరుదు. కార్లు కడిగేవాళ్ళ సబ్బుకి తమ వాగు నురగలు కక్కుతోందని, ఆ నీళ్ళే బకెట్ నిండా తెచ్చాడు.

"గ్లాసుడు చాలు నానా," అన్నాడు ప్రొఫెసర్, కంగారుగా.

"మా వాగు గ్లాసులో పారదు నాయనా. బకెట్ మొత్తం పొయ్యి."

పొడి కలిపి పోశారు. మొదటి గ్లాసు తేటగా దిగింది, చప్పట్లు. ఆ తర్వాత కాగితం కడుపు నిండిపోయింది. నురగ పొంగి, బల్ల దాటి, వేదిక మీది పెద్దల బూట్లెక్కింది.

"మా ల్యాబ్ అమ్మాయి ఏదో పొరపాటు చేసినట్టుంది," అన్నాడు ప్రొఫెసర్ మైకులో.

సెర్వాకి ఒళ్ళు మండిపోయింది. కొత్త కాగితం వేసి, పొడి వెయ్యకుండా, ఒక్క గ్లాసుడు పోసింది. తేటగా దిగింది.

"ఇందులో పొడి లేదు నానా. పని చేసేది కాగితం, అదీ గ్లాసు దాకానే."

జనం గ్లాసు వంకా, ప్రొఫెసర్ వంకా చూశారు. ప్రొఫెసర్ మాత్రం తడబడలేదు. "విన్నారుగా! మన పరిశోధనకిప్పుడు పొడి కూడా అక్కర్లేదు! ఇది రెండో దశ!" అని అరిచాడు. జనం లేచి నిలబడి కొట్టారు చప్పట్లు.

ఆ గోలలోనే సెర్వా చెవిలో అన్నాడు. "వచ్చే వారం మంత్రిగారొస్తున్నారు. కాస్త చిన్న గ్లాసులు తే. సంతకం అప్పుడు పెడతాను."

"నేను తేను ప్రొఫ్."

"పట్టా వద్దా?"

"కావాలండీ. ఈ లెక్కల మీద వద్దు."

వెళ్ళి నానాని అడిగింది, "మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టాలి నానా. ఆ మిగిలిన నీళ్ళు నాకిస్తారా?"

"తీసుకుపో తల్లీ. బకెట్ మాత్రం నాకు తిరిగిచ్చెయ్, మా ఆవిడది," అన్నాడు నానా.