ఆయమ్మ కార్డు

పదకొండు గంటలకి లైను ఆగింది. కరెంటు పోయి కాదు, బట్ట అయిపోయీ కాదు. సూపర్‌వైజర్ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని అరిచాడు.

"పసిపిల్లల తల్లులంతా వెళ్లి ఎవరి పిల్లల్ని వాళ్లు తెచ్చుకోండి! పిల్లల గది మూసేశారు. పావుగంటలో మళ్లీ సీట్లలో ఉండాలి."

"మూసేశారా? ఎందుకు సారూ?"

"నన్నడుగుతారేంటి? వెల్ఫేర్ మేడంని అడగండి."

అందరూ కత్తెర అని పిలిచే పిల్ల చేతిలోని చొక్కా బల్ల మీదికి జారిపోయింది.

ఆ ఫ్యాక్టరీలో కన్నవాళ్లు పెట్టిన పేర్లు గేటు దగ్గరి హాజరు పుస్తకంలోనే ఉండిపోయేవి. లోపలికొస్తే ఇస్త్రీ చేసేవాడు ఇస్త్రీ మామ, బొత్తాలు కుట్టే ఆవిడ బొత్తాల వదిన. కుట్టు పూర్తయిన చొక్కాలకి వేలాడే దారాలు కత్తిరించే ఈ ఇరవై మూడేళ్ల పిల్ల కత్తెర. రోజుకి ఆరువందల చొక్కాలు, నాలుగువందల పది కూలి. "కత్తెరా, ఈ కాలరు చూడు" అంటే "ఆ" అని పలకడం అలవాటైపోయింది. మొగుడు కూడా సరదాకి అలాగే పిలుస్తున్నాడు.

మిగతా తల్లులు పరుగున వెళ్లారు. కత్తెర మాత్రం జారిన చొక్కా తీసి మడతపెడుతూ ఉండిపోయింది. ఎందుకు మూసేశారో ఆ హాల్లో ఇంకెవరికీ తెలియదు, తనకి తప్ప. తెలుసని కూడా కాదు. రెండురోజులుగా లోపల దాచుకున్న భయం ఇవాళ బయటికొచ్చి నిలబడిందంతే.

పిల్లల గది బయట ప్లాస్టిక్ స్టూలు మీద ఆయమ్మ కూర్చుని ఉంది. ఒంటిమీద నీలం ఏప్రన్ లేదు. అన్నం డబ్బా, గొడుగు ఉన్న సంచీ ఒళ్లో ఉంది. పదకొండేళ్లుగా ఆ గదిలో పిల్లల్ని ఎత్తిన మనిషి, బస్సు తప్పిపోయిన ప్రయాణికురాలిలా ఉంది.

లోపల తొమ్మిదిమంది పిల్లలూ ఒకేసారి రాగం అందుకున్నారు. బొత్తాల వదిన కొడుకుని భుజాన వేసుకుని ఊగిపోతోంది.

"మావాడి బుగ్గ మీద గీత ఎక్కడిదో ఇప్పుడు తెలిసింది! వాడి గోరే గీరుకుందంది. ఎంత చక్కగా చెప్పిందమ్మా మహాతల్లి!"

"ఏమైందసలు?" ఎవరో అడిగారు.

"పసిపిల్ల నోటి మీద చెయ్యి పెట్టి నొక్కేసిందట. తనే చెప్పుకుందట, కార్డు మీద ఫోన్లో మాట్లాడతారే, ఆ డాక్టరమ్మతో. ఆవిడ భయపడి కంపెనీకి చెప్పింది. సూపర్‌వైజరే గుట్టుగా అన్నాడు నాతో. ఎనిమిది నెలల పిల్లట!"

"తన సొంత పిల్లేమో?"

"దానికి ఎనిమిది నెలల పిల్ల ఎక్కడిదే? కొడుక్కి మీసాలొస్తున్నాయి. మన పిల్లల్లోనే ఒకళ్లు!" అంటూ చుట్టూ చూసి, కత్తెర దగ్గర చూపు ఆపింది వదిన. "ఎనిమిది నెలలది నీ కూతురే కదే. నీకెప్పుడూ అనుమానం రాలేదూ?"

కత్తెర ఉయ్యాలలోంచి కూతుర్ని ఎత్తుకుంది. పాప తల్లి మెడలో తల దూర్చింది. గుమ్మం అవతల స్టూలు కిర్రుమంది. ఆయమ్మ వింటోంది.

"ఏమో వదినా" అంది కత్తెర.

అనకుండా ఉండాల్సింది. లేదనొచ్చు, నోరు మూసుకోనూ వచ్చు. "ఏమో" అనేసరికి వదిన మొహంలో అనుమానం కాస్తా రూఢి అయిపోయింది. "చూశారా! ఆ పిల్ల కూడా అంటోంది!" అని అందరి మీదికీ తిరిగింది.

*

మూడు వారాల కిందట ఒక సెలవురోజు మధ్యాహ్నం. మొగుడు సరుకుల బండి తోలుతూ ఎక్కడో ఉన్నాడు. పాప పొద్దుట్నించీ ఏడుస్తోంది. పాలిస్తే తాగదు, పడుకోబెడితే పడుకోదు. పక్కవాటా మనిషి గోడ మీద దబదబా బాదుతున్నాడు, "రాత్రి డ్యూటీ చేసొచ్చాం తల్లీ, కాస్త కనికరించు" అని. కత్తెర పాప నోటి మీద చెయ్యి పెట్టింది, ఒక్క క్షణం ఊరుకోబెడదామనే. ఏడుపు ఆగింది. ఆ నిశ్శబ్దం ఎంత హాయిగా ఉందంటే, చెయ్యి తియ్యాలన్న సంగతే తట్టలేదు. పాప కాళ్లు తన్నుకోవడం కనిపిస్తూనే ఉంది, అద్దం అవతల ఎవరో తన్నుకుంటున్నట్టు. పొయ్యి మీద కుక్కరు కూత పెట్టింది. అప్పుడు తీసింది.

పాప గుక్క తిప్పుకుని, ఎక్కిళ్లు పెడుతూ, ఆ చేతి వేలే పట్టుకుంది.

ఆ రోజు నుంచీ కత్తెర కూతుర్ని ఎడమచేత్తోనే ఎత్తుకునేది. నిద్ర పట్టడం లేదనీ మనసు బాగోలేదనీ మొగుడితో అంటే, "లోకంలో అందరూ పిల్లల్ని పెంచట్లేదా?" అన్నాడు. మంచివాడే. చెయ్యి సంగతి మాత్రం అతనికి చెప్పలేదు. తిడతాడని కాదు, తేలిగ్గా తీసిపారేస్తాడేమోనని భయం.

ఫ్యాక్టరీ మరుగుదొడ్డి తలుపు వెనక ఒక కాయితం అతికించి ఉండేది. "మనసు బరువుగా ఉందా? ఫోన్లో మాట్లాడండి. ఆరోగ్య బీమా ఉన్నవారికి ఏడాదికి ఆరుసార్లు ఉచితం." కత్తెరకి బీమా లేకపోలేదు. కాంట్రాక్టరు కూలిలోంచి నెలనెలా తొంభై కోస్తున్నాడు, ఒక కార్డూ ఇచ్చాడు. దాని వెనకున్న నంబరుకి ఫోన్ చేసింది.

"మీ పాలసీ ఆస్పత్రిలో మంచం ఎక్కితేనే పనిచేస్తుందమ్మా" అంది అవతలి అమ్మాయి.

"నేను తిరుగుతూనే ఉన్నానండీ. మాట్లాడాలంతే."

"మాట్లాడటానికి మీ పాలసీలో లేదమ్మా. అది పర్మినెంటు వాళ్ల పాలసీలో ఉంటుంది."

బయట విచారిస్తే గంటకి పన్నెండువందలన్నారు. అంటే మూడురోజుల చొక్కాలు, గంట మాటలకి. ఇంకో యాప్‌లో మొదటి పది నిమిషాలు ఉచితమంటే అదీ చూసింది. ఆ పది నిమిషాలూ ఏడవడానికే సరిపోయాయి. ఆనక తెర మీద డబ్బు కట్టమని వచ్చింది.

పట్టుకున్నది ఆయమ్మే. పాలివ్వడానికి వచ్చినప్పుడు, "ఏమే, ఎప్పుడు చూసినా ఎడమచెయ్యే? కుడిచెయ్యి తాకట్టు పెట్టావా?" అంది నవ్వుతూ. కత్తెర నవ్వబోయి భోరుమంది. సబ్బుల గదిలోకి తీసుకెళ్లి అంతా చెప్పించుకుంది ఆయమ్మ. విని అమ్మో అనలేదు, ఛీ అనలేదు. కొంగుతో ఆమె మొహం తుడిచి, "నా కార్డుందిగా" అంది.

ఆ ఫ్యాక్టరీలో పర్మినెంటు వాళ్ల కార్డులు వానాకాలం గొడుగుల్లాంటివి, ఎవరికి అవసరమైతే వాళ్ల చేతికి పోయేవి. ఇస్త్రీ మామ కళ్లజోడు లోడింగు మనిషి కార్డు మీద వచ్చిందే. తప్పని అందరికీ తెలుసు. తప్పని ఎవరికీ అనిపించదు.

"నాకున్న దిగుళ్లకి ఆరుసార్లు ఏ మూలకిలే, నువ్వే వాడుకో. నా పేరు చెప్పు, నీ గోడు చెప్పు" అంది ఆయమ్మ. ఫోన్ తెర మీద మొదటి పేజీ నిండా చీమల్లాంటి అక్షరాలు. ఇద్దరూ చదవకుండానే కింద సరేనని నొక్కారు. మాటలన్నీ రహస్యమేననీ, పసిబిడ్డకి ప్రమాదముందని తోస్తే మాత్రం చెప్పవలసిన చోట చెబుతామనీ ఆ చీమల్లోనే ఎక్కడో ఉంది.

భోజనాల వేళ, సబ్బుపొడి అట్టపెట్టెకి ఫోను ఆనించి రెండుసార్లు మాట్లాడింది. మొదటిసారి నిద్ర గురించి. రెండోసారి, మొన్న మంగళవారం, చెయ్యి గురించి. అవతలి గొంతు తొందరపడలేదు. "చెప్పారు కదా, అదే పెద్ద పని. ఇది జబ్బమ్మా, తగ్గుతుంది. ఒంటరిగా ఉండొద్దు" అంది. సబ్బుల గదిలోంచి బయటికొచ్చాక, ఎన్నాళ్లకో అన్నానికి రుచి తెలిసింది కత్తెరకి. మీదనున్న బరువేదో దిగినట్టుంది. దిగింది నిజమే, ఆయమ్మ నెత్తి మీదికి.

*

గదిలోంచి ఒక్కొక్కరే వెళ్లాక కత్తెర స్టూలు పక్కన నిలబడింది. ఆయమ్మ తలెత్తకుండానే, పెదాలు కదపకుండానే మాట్లాడింది.

"నోరు విప్పావంటే ఊరుకోను."

"నన్ను అడిగారా?"

"ఎవరి పిల్ల అన్నారు. మర్చిపోయానన్నాను."

"మర్చిపోయావా!"

"ముసలిదాన్ని. మర్చిపోకూడదా?" ఆయమ్మ సంచీ సర్దుకుంది. "నేను పర్మినెంటు. నన్ను తియ్యాలంటే నాలుగు కాయితాలు తిరగాలి. నువ్వు కాంట్రాక్టు, గేటు బయటికి నెట్టడానికి ఒక్క వేలు చాలు. పైగా పిల్లని నీ దగ్గర ఉంచుతారో లేదో. నోరు మూసుకుని పనికెళ్లు."

"నేను లోపల 'ఏమో' అన్నాను ఆయమ్మా."

"విన్నాను."

అంతకంటే ఏమైనా అంటే బాగుండేది. తిడితే ఇంకా బాగుండేది. ఆయమ్మ చెయ్యి చాచి, పాప కాలికి జారిపోతున్న మేజోడు పైకి లాగింది, అలవాటుగా.

*

వెల్ఫేర్ మేడం గదిలో ఆవిడది కాక ఒకే కుర్చీ ఉంది, ఎదుట ఖాళీగా. ఎవరినీ కూర్చోమనలేదు. తొమ్మిదిమంది తల్లులు పిల్లల్తో గోడవారన నిలబడ్డారు. బల్ల మీద టైపు చేసిన కాయితం.

"మా పిల్లల భద్రత దృష్ట్యా ఆయాను వెంటనే విధుల నుంచి తొలగించమని కోరుతున్నాము. అంతే, ఇంకేం లేదు. సంతకాలు పెట్టి లైనుకి వెళ్లండి" అంది మేడం.

బొత్తాల వదిన మొదట పెట్టింది, కాయితం చిరిగేంత గట్టిగా. ఆ తర్వాత ఒక్కొక్కరూ పెట్టారు. కొందరు చదవలేదు. చదివిన ఒకామె, "పదకొండేళ్లుగా లేనిది..." అని గొణిగి, వదిన చూసిన చూపుకి సంతకం పెట్టేసింది.

ఆఖరున కలం కత్తెర చేతికొచ్చింది. చదువు ఎనిమిదో తరగతిలో ఆగిపోయినా అక్షరాలు కూడబలుక్కుని చదవగలదు. చదివింది. మళ్లీ చదివింది.

"ఏమ్మా, అర్థం కాలేదా?"

"అయింది మేడం. పెట్టను."

"నీ పిల్లకేమైనా అయితే అప్పుడొచ్చి మా మీద పడతావు."

"నా పిల్లకే అయింది." కత్తెర కాయితం వెనక్కి జరిపింది. కలం పట్టుకున్న కుడిచెయ్యి ఎత్తింది. "నొక్కింది ఈ చెయ్యి. ఫోన్లో మాట్లాడింది నేను. కార్డు ఒక్కటే ఆయమ్మది."

బొత్తాల వదిన కొడుకుని ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుంది, కత్తెరకి దూరంగా ఉన్న వైపుకి. ఇందాక ఆయమ్మ మీద లేచిన నోరు ఇప్పుడెందుకో లేవలేదు. చీకటివేళల్లో ఏడ్చే పిల్లాడు ఆవిడకీ ఉన్నాడు.

మేడం అందరినీ పంపేసి ఆయమ్మని పిలిపించింది. ఆయమ్మ వస్తూనే కత్తెర మొహం చూసి నుదురు కొట్టుకుంది.

"చెప్పేశావా పిచ్చిమొహమా!"

"మీరు మాట్లాడకండి" అంది మేడం. "పిల్ల విషయంలో మీ తప్పు లేదని తేలింది. కార్డు ఇంకొకరికివ్వడం మాత్రం మోసమే. అది పైవాళ్లు చూస్తారు." కత్తెర ముందుకి తెల్లకాయితం జరిపింది. "జరిగింది రాయి."

నిలబడే రాసింది, పాపని చంకలో ఇరికించుకుని. అక్షరాలు లైను తప్పాయి. మేడం చదువుతూ మధ్యలో ఒకచోట ఆగింది. కళ్లజోడు తీసింది. ఆవిడ గొంతు తగ్గింది.

"చూడమ్మా, నేనూ కన్నదాన్నే. ఇది ఇలాగే పంపితే, పిల్లని నీ దగ్గర ఉంచొచ్చా అని అడుగుతారు. కింద ఒక్క ముక్క చేర్చు. 'ప్రస్తుతం నేను పూర్తిగా బాగున్నాను, నాకు ఏ వైద్యమూ అవసరం లేదు.' ఫైలు ఇక్కడే మూసేస్తాను. నీ పని నీకుంటుంది."

"రాసెయ్యవే" అంది ఆయమ్మ గబగబా. "రాసి బయటపడు. నన్ను చూడకు, నా సంగతి నేను చూసుకుంటాను."

కత్తెర వంగింది. 'ప్రస్తుతం నేను' అని రాసింది. ఆగింది.

"పూర్తిగా బాగున్నాను" అని అందించింది మేడం.

మంగళవారం రాత్రి పాప ఏడ్చినప్పుడు తను గుమ్మం బయటికెళ్లి నిలబడింది, చేతులు చంకల్లో దాచుకుని. బుధవారమూ అంతే. ఒంటరిగా ఉండొద్దని చెప్పిన గొంతు ఒక్కటే అప్పుడు తోడుంది.

"బాగాలేదు మేడం" అంది. "అది రాయను."

"నీ మంచికే చెబుతున్నాను."

"ఇంకా నాలుగుసార్లున్నాయి మాట్లాడటానికి. అవి కావాలి నాకు. నా పేరు మీద."

"కాంట్రాక్టు వాళ్లకి లేదని తెలుసు కదా?"

"నెలనెలా తొంభై కోస్తున్నారు కదండీ. అది దేనికో కూడా రాయమంటారా ఇందులో?"

మేడం ఆయమ్మ వైపు చూసింది. ఆయమ్మ గోడకేసి చూసింది, నవ్వో ఏడుపో తెలియని మొహంతో. బయట లైను కదిలింది. మిషన్లన్నీ ఒక్కసారి అందుకున్నాయి. కత్తెర సీటు ముందు చొక్కాలు గుట్ట పడుతూ ఉంటాయి. సూపర్‌వైజర్ ఈపాటికి అరుస్తూ ఉంటాడు.

కత్తెర ఎవరూ కూర్చోమనని ఆ కుర్చీ లాక్కుని కూర్చుంది. పాపని ఒళ్లో పెట్టుకుని, కాయితాన్ని దగ్గరికి జరుపుకుంది.