అడిగితేనే అవుట్

అడగందే అమ్మయినా పెట్టదంటారు. క్రికెట్‌లో అంపైరు అమ్మకన్నా మొండి. క్యాచ్ పట్టినప్పుడు బంతి బ్యాటుకు తగలడం చెవులారా విన్నా సరే, బంతి వేసే జట్టులో ఎవరో ఒకరు నోరు తెరిచి అడగందే అవుటని చెప్పకూడదు. ఆ వేసవంతా మా ఊరి జట్టుకు నేనే అంపైరుని. ఆ నియమం తలుచుకుంటే నాకు ఒళ్ళు మండేది. ఎందుకంటే బంతి వేసేది మా అన్న ఈనాక్. అన్నకు చెవులు పోయాయి.

సంగతి నాకూ వదినకూ తప్ప ఎవరికీ తెలియదు. అన్న దొరగారి అడవికి కాపలాదారు. దొంగచాటుగా కుందేళ్ళు పట్టేవాళ్ళ అడుగుల చప్పుడు పసిగట్టడమే పని. దొరకు తెలిసిందా, ఉద్యోగంతోపాటు ఆయన ఇచ్చిన ఇల్లూ పోతుంది, వదిన పిల్లలతో రోడ్డున పడుతుంది. అందుకే పెదవులు చూసి మాటలు పోల్చుకుంటూ నెట్టుకొస్తున్నాడు. మైదానంలోనూ అంతే. వికెట్ల వెనకుండే ఓబెడ్ మొహం వెలిగితేనే అన్న అవుటని అడిగేవాడు.

సెప్టెంబరులో చివరి ఆట, పక్క ఊరితో. వాళ్ళకు ఇంకో రెండు పరుగులు చాలు, మాకు ఒక్క వికెట్టు. లెక్క కర్ర మీద పరుగుకో గాటు పెట్టేవాడు కత్తి పట్టుకుని బిగుసుకుపోయాడు. దొర నా కుడిపక్కన, హద్దు మీదే కుర్చీ వేయించుకున్నాడు.

"ఏంటి ఈనాక్, నిద్రొస్తోందా?" బ్యాటు పట్టుకున్న మాంసం కొట్టు టోబీ అరిచాడు. అన్న వంగి కాలి కింద గడ్డి సర్దుకుంటున్నాడు. టోబీ జనం వైపు తిరిగాడు. "చూశారా, భయంతో నోరు పడిపోయింది!"

"మా అన్న పనిలో ఉంటే మాట్లాడడు. నీలాగా కాదు," అన్నాను. దొర నవ్వాడు.

అన్న బంతి వేశాడు. గడ్డిమీద పడి లేచి, టిక్కుమని టోబీ బ్యాటు అంచుకు తగిలి ఓబెడ్ చేతుల్లో పడింది. నేను విన్నాను. ఓబెడ్‌కు అనుమానం. టోబీ అమాయకంగా ఆకాశం చూస్తున్నాడు. ఓబెడ్ తటపటాయించి బంతి అన్నకు విసిరేశాడు. అన్న వెనక్కి తిరిగి, తల వంచి, బంతిని తొడకు రుద్దుకుంటూ నడిచాడు.

అప్పుడు నన్ను చూసి అరిచాడు ఓబెడ్. "జెత్రో! తగిలిందా? అవుటేనా?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. అవుటంటే ఊరంతా కేక పెడుతుంది, దొర కళ్ళముందే వీపు తిప్పి నడిచే అన్న ఒక్కడూ ఉలకడు. కాదంటే వచ్చి మళ్ళీ బంతి వేస్తాడు. ఒక్క అబద్ధంతో ఇల్లు నిలుస్తుంది. అన్న ఇటు తిరిగేదాకా ఆగుదామనుకున్నాను.

"మీ ఇంట్లో అందరికీ నోరు పడిపోయిందా?" అన్నాడు టోబీ.

దొర లేచి నిలబడ్డాడు. "అడిగాడుగా, చెప్పవయ్యా!"

మా అన్నదమ్ములిద్దరిలో పనిచేసే చెవులు నావే. వాటిని నేనే కాదనలేకపోయాను.

"అవుట్!"

మైదానం దద్దరిల్లింది. టోపీలు గాల్లోకి లేచాయి. అన్న అలాగే నడుస్తున్నాడు.

"ఈనాక్! గెలిపించావయ్యా!" దొర చేతులు చాచి పిలిచాడు. అన్న తలెత్తలేదు. "ఈనాక్!" ఈసారి గొంతులో నవ్వు తగ్గింది.

పరుగు మొదలెట్టే చోటికి చేరి అన్న ఇటు తిరిగాడు. పరిగెత్తుకొస్తున్న జనాన్ని చూసి తెల్లబోయి నా మొహంలోకి చూశాడు.

"తగిలిందా?"

"తగిలింది అన్నా."

పెదవులు చదివి పకపకా నవ్వాడు. బంతిని ఆకాశంలోకి విసిరి ఓబెడ్‌ను ఎత్తుకుని గిరగిరా తిప్పాడు. దొర మళ్ళీ పిలవలేదు. అన్న చెవుల వంకే చూస్తూ నిలబడ్డాడు.