సెటిల్డ్ అని రాసి ఉన్న అప్పు

బ్యాంకు మేనేజరు ఫోన్ చేసేసరికి జవహర్ మిర్యాలగూడలో ఓ రైస్‌మిల్లు మోటారు విప్పుతున్నాడు.

"మీ సిబిల్ స్కోరు ఆరు వందల పన్నెండే ఉందండీ. మేడమ్‌ది బాగానే ఉంది. ఇద్దరి పేర్ల మీద ఇంటి లోన్ రావడం కష్టం. ఒకసారి రండి."

జవహర్ భార్య శోభ సూర్యాపేటలో సర్కారు దవాఖాన నర్సు. ఆ ఊళ్లోనే గోపయ్య అనే ఆయన ఇల్లు కొనడానికి ఇద్దరూ కలిసి మూడు లక్షలు బయానా ఇచ్చారు. ఇరవై రోజుల్లో రిజిస్ట్రేషన్ కాకపోతే ఆ డబ్బు తిరిగి రాదని కాగితం రాసుకున్నారు.

జవహర్ శోభకు చెప్పకుండా బ్యాంకుకు వెళ్లాడు. మేనేజరు కంప్యూటరు అతని వైపు తిప్పాడు. లాక్‌డౌన్ ఏడాదిలో కోదాడ ఫైనాన్స్ కంపెనీలో తీసుకున్న ఎనభై వేల అప్పు పక్కన 'సెటిల్డ్' అని ఉంది.

"సెటిల్డ్ అంటే అయిపోయినట్టే గద సార్? నలభై ఐదు వేలు కడితే ఖతం అన్నరు."

"మొత్తం కట్టలేదు, మిగతాది వాళ్లు వదులుకున్నారు అని దానర్థం. అది చూస్తే ఏ బ్యాంకైనా వెనక్కి తగ్గుద్ది."

మర్నాడే తన కారులో కోదాడ వెళ్లాడు. కంపెనీ గుమాస్తా పాత ఫైలు చూసి, "మిగిలిన ముప్పై ఐదు వేలు కట్టేయండి, బాకీ ఏమీ లేదని నో డ్యూస్ లెటర్ ఇస్తాం. సిబిల్ రికార్డులో మారడానికి నెలా నెలన్నర పడుద్దండీ," అన్నాడు.

జవహర్ కట్టేశాడు. లెటరు జేబులో పెట్టుకుని తిన్నగా గోపయ్య దగ్గరికి వెళ్లి రెండు నెలల గడువడిగాడు.

"నేను ఆగలేను తమ్మీ. ఇంకో పార్టీ ఎక్కువకు అడుగుతుండ్రు."

పన్నెండు రోజులే మిగిలాయి. రెండు రాత్రులు నిద్రపట్టలేదు. మూడో రోజు పొద్దున శోభ డ్యూటీకి తయారవుతుంటే తలుపు దగ్గర నిలబడి అంతా చెప్పేశాడు.

"లాక్‌డౌన్ల మీ మిల్లు షావుకారి సగం జీతం ఇస్తుండన్నవ్ గద?" అంది శోభ.

"మిల్లు బందైంది. ఒక్క రూపాయి ఇయ్యలే. నీ నర్సింగ్ కోర్సు ఆఖరి ఫీజు గా అప్పు పైసలతోనే కట్టిన."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వు సదువు ఆపేస్తుంటివి."

శోభ మంచం మీద కూర్చుంది. ఆ రోజు డ్యూటీకి ఆలస్యంగా వెళ్లింది. సాయంత్రం దాకా ఫోన్ చేయలేదు. జవహర్ పనికి పోకుండా ఇంట్లోనే ఉండిపోయాడు, ఏదో ఒకటి తిట్టినా బాగుండుననుకుంటూ.

ఇంటికొచ్చాక చెప్పులు విప్పకుండానే అంది: "మేనేజరును కలిసిన. నా ఒక్కదాని పేరు మీద అయితదట. నాలుగు లక్షలు తక్కువొస్తయి. నీ కారు అమ్ముదాం, నా గాజులు గుడ."

"ఇల్లు నీ ఒక్కదాని పేరు మీదనా?"

"మరి ఏం జేద్దాం చెప్పు?"

జవహర్ కారు తాళాలు తీసి ఆమె చేతిలో పెట్టాడు.

కారు, గాజులు అమ్మేశారు. గడువుకు ఒక్కరోజు ముందు లోన్ మంజూరైంది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో కొనుగోలుదారు స్థానంలో శోభ సంతకం చేసింది. రెండో సాక్షి కోసం దస్తావేజు రాసేవాడు చుట్టూ చూస్తుంటే, "మా ఆయన చేస్తడు," అంది. జవహర్ మెల్లగా తన పేరు రాశాడు.

కొత్త ఇంట్లో సామాన్లు దింపిన రోజు శోభ అతన్ని ఒక్కమాటే అడిగింది.

"నాకు చెప్పనిది ఇంకేమన్న ఉన్నదా?"

"లేదు."

ఆమె అతని మొహంలోకి కాసేపు చూసి, వంటింట్లోకి వెళ్లింది. నమ్మిందో లేదో అతనికి తెలియలేదు.